ఐదింటి నీడ

నేను ఒమాన్‌లో ఏ ఉద్యోగం చేశానో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి మస్కట్‌లో నర్సు. అల్లుడు కూడా అక్కడే, ఎడారికి నీళ్లు పోస్తాడు" అని చెప్పేది. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది. రిటైరై ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆవిడ పెద్దగా తప్పేం చెప్పలేదనిపిస్తోంది.

కాస్త మర్యాదగా చెప్పాలంటే నాది ల్యాండ్‌స్కేప్ డిజైన్ పని. బాపట్లలో వ్యవసాయం చదివి, తరవాత ఈ విద్య నేర్చుకుని, పెళ్లయ్యాక మా ఆవిడ వీసా మీద ఆ దేశం చేరాను. ఆరు నెలలు వంట చేశాను. ఏడో నెలలో ఒక కన్సల్టెన్సీ కంపెనీలో చేరాను. ఊళ్లో జనం నడిచే చోట, కూర్చునే చోట చెట్టు ఎక్కడుండాలి, బెంచీ ఎక్కడుండాలి, నీడ ఎటు పడాలి అని గీసివ్వడం నా డ్యూటీ.

ఇప్పుడు మన పిల్లలు ఈ చదువు చదివి గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. కొందరు ఫోన్ చేసి, "అంకుల్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?" అని అడుగుతారు. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ నాకంటే ముందే రిటైరయ్యాయి. అందుకని దానికి బదులు నేను చేసిన తప్పొకటి చెబుతాను. అదైతే ఇంకా పనికొస్తుంది.

మస్కట్ పక్కన సీబ్ దాటాక సముద్రపు ఒడ్డున అప్పట్లో కొత్త పేట ఒకటి లేస్తోంది. ఇళ్లు, దుకాణాలు, చిన్న హోటళ్లు. వాటి ముందు ఒడ్డు వెంబడి కిలోమీటరు పొడవున ఒక బాట. ఆ బాట పని మా కంపెనీకి వచ్చింది, కంపెనీలో నాకు వచ్చింది. అప్పటికి నాకు యాభై దాటాయి. ఇదొక్కటి బాగా చేస్తే చాలు, మన పేరు నిలిచిపోతుంది అనే జబ్బు సరిగ్గా ఆ వయసులోనే పట్టుకుంటుంది.

అక్కడి వేసవి చూడనివాళ్లకు ఒక్క మాట. ఎండ ఒక్కటే అయితే ఎలాగో పడొచ్చు. సముద్రం పక్కన ఉక్క కూడా ఉంటుంది. ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారిపోయి, తుడుచుకునేదాకా ఎటు వెళ్లాలో తెలియదు. అలాంటి చోట జనం ఇల్లు వదిలి వచ్చి ఆరుబయట కూర్చోవాలి. అదీ పరీక్ష.

దానికి నేను రాసిన జవాబు తెరచాపలు. ఒడ్డు పొడవునా ఎత్తైన స్తంభాలు, వాటికి పాత పడవల చాపల్లా తెల్లటి గుడ్డ పందిళ్లు, కింద నల్లరాతి బెంచీలు. తెలుపు మీద నలుపు ఎంత బాగుంటుందో! కంప్యూటర్‌లో బొమ్మ వేసి చూపిస్తే మీటింగ్ గదిలో అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ప్రతి బెంచీ మీదా చల్లటి నీడ గుండ్రంగా పడి ఉంది. ఆ బొమ్మలో టైము మధ్యాహ్నం పన్నెండు. ఎందుకు పన్నెండు అని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఎండంటే మిట్టమధ్యాహ్నమే కదా అనుకున్నాను.

మా ఆఫీసు పెద్ద కేరళ ఆయన. పొగడడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజు మాత్రం నా భుజం తట్టి, "అరే భాయ్, ఇది మన కంపెనీ కేలండర్ మీద వేయిస్తా" అన్నాడు.

కట్టించే సంస్థ తరఫున మా పని చూసేది ఒక ఒమానీ అమ్మాయి. అక్కడ ఆడ ఇంజనీరును ముహందిసా అంటారు. మేమూ అలాగే పిలిచేవాళ్లం. వయసులో మా అమ్మాయంత ఉంటుంది, ప్రశ్నలు మాత్రం మా హెడ్మాస్టరులా వేసేది. ఆమె ఒక షరతు పెట్టింది. "ముందు ఒక ముక్క కట్టండి. జనాన్ని రానివ్వండి. చూశాకే మిగతాదానికి సంతకం."

అలా నాలుగు తెరచాపలు, పన్నెండు బెంచీలతో మొదటి ముక్క లేచింది. మొక్కల పని చూసే ఫోర్‌మన్ జగిత్యాల పక్క పల్లెవాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. అతని గ్యాంగ్‌లో చాలామంది అటువైపు వాళ్లే. సన్నగా, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎవరి మీదా అరవకుండా పని చేయించేవాడు. నేను బొమ్మ చూపించి ఏం చెప్పినా "అట్లనే సార్" అనేవాడు. నా డిజైన్ అతనికి బాగా నచ్చిందనుకునేవాణ్ణి.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం, మార్నింగ్ డ్యూటీ దిగిన మా ఆవిణ్ణి హాస్పిటల్ నుంచి ఎక్కించుకుని నేరుగా సైట్‌కు తీసుకెళ్లాను. చూపించుకోవాలని ఉండదూ? అల్ ఖౌద్‌లో మా ఇంటి నుంచి పెద్ద దూరం కూడా కాదు. కారు దిగుతూనే ఆమె తలెత్తి తెరచాపల్ని చూసింది. "బాగున్నాయండీ, పడవల్లా" అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషి కదా, వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

కూర్చున్నంత వేగంగానూ లేచింది.

"ప్రభువా! ఇదేం బెంచీ అండీ, పెనమా?"

చెయ్యి పెట్టి చూశాను. పొద్దంతా ఎండను తాగిన నల్లరాయి ఐదింటికి నిప్పులా ఉంది. పైన గుడ్డ ఉంది. సూర్యుడు మాత్రం గుడ్డ కింద నుంచి వంగి, తీరం వెంబడే వచ్చి మా మొహాల మీద కొడుతున్నాడు. పన్నెండు బెంచీల మీదా ఒక్క మనిషి లేడు.

"జనం రాలేదా ఇంకా?" అన్నాను, ఎవర్ని అడుగుతున్నానో తెలియకుండా.

"వచ్చారుగా. అదిగో."

కాస్త దూరంలో పంప్‌రూమ్ ఉంది. మొక్కలకు నీళ్లు తోడే మోటార్ల గది అది. అందవికారంగా ఉందని నేనే ఆ మూలకు తోయించాను. దాని తూర్పు గోడ పక్కన నేల మీద చాపలు పరుచుకుని పాతికమంది కూర్చుని ఉన్నారు. కాఫీ ఫ్లాస్కులతో ఒమానీ ఆడవాళ్లు, ఊడ్చే పని ముగించుకున్న బంగ్లాదేశీలు, పిల్లల బండి ఊపుతూ ఒక ఈజిప్టు తండ్రి. మా ఆవిడ నన్ను వదిలేసి అటు నడిచింది. ఎవరో జరిగి చోటిచ్చారు. చెప్పులు విడిచి కూర్చుని, కళ్లు మూసుకుని, "హమ్మయ్య" అంది.

ఇక్కడే నేను సిగ్గుపడాల్సిన సంగతి ఉంది. ఆ సాయంత్రం నాకు బుద్ధి రాలేదు, కోపం వచ్చింది. నా తెరచాపల్ని కాదని మోటార్ గది పక్కన కూర్చుంటారా? మర్నాడు ఫోర్‌మన్‌ను పిలిచి, ఆ గోడ పొడవునా ముళ్ల కాగితం పూల మొక్కలు దట్టంగా పెట్టమన్నాను. ఎవరూ కూర్చోకుండా.

"అట్లనే సార్" అన్నాడు.

రెండు రోజుల తరవాత వెళ్తే మొక్కలు లేవు. "గుంతలు తవ్వుతుంటే కేబుల్ అడ్డమొచ్చింది సార్" అన్నాడు. ఇంకో రెండు రోజులకు, "మొక్కలు మంచియి రాలే సార్, వాపస్ పంపిన." మూడోసారి, "గీడ నీళ్లు అందుతలేవు సార్."

"పంప్‌రూమ్ పక్కన నీళ్లందకపోవడమేమిటయ్యా?" అని అరిచాను.

అతను తల మీది తువ్వాలు తీసి దులిపాడు. "జర ఇటు రాండ్రి సార్" అంటూ గోడ దగ్గరికి నడిచాడు. టైము నాలుగున్నర. ఇంకా జనం రాలేదు. అతని మనుషులు నలుగురు అక్కడ చాయ్ తాగుతున్నారు. "కూసోండ్రి" అని అట్టముక్క వేశాడు. కూర్చున్నాను. ముందు వీపుకు తెలిసింది. గోడ చల్లగా లేదు గానీ, కాల్చడం లేదు. తరవాత మొహానికి తెలిసింది. సముద్రం మాకు ఉత్తరాన ఉంది. అటు నుంచి గాలి గోడ వెంబడే జారుకుంటూ వస్తోంది. ఎండ గోడకు అవతలే ఆగిపోయింది.

కాళ్ల ముందు రాళ్ల మీద సుద్ద గీతలు కనిపించాయి. ఒకదాని తరవాత ఒకటి, తూర్పుకు జరుగుతూ.

"ఇవేమిటి?"

"నీడ సార్. నాలుగింటికి గీడిదాంక వస్తది. నాలుగున్నరకు గీడికి. ఐదింటికి గా మొక్క దాంక. దాన్ని వట్టుకొనే మావోళ్లకు పని జెప్త. ఎటు నీడ వోతె అటు నాటుకుంట వోతరు. ఎండదెబ్బకు ఇంతవరకు ఒక్కడు వడలే."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడు అడిగిండ్రు సార్? గా మొక్కలైతె నేను పెట్ట. కావాలంటె ఇంకోనితోని పెట్టిచ్చుకోండ్రి. ఉన్న ఒక్క నీడకు ముళ్లు వెడ్తె పాపం తగుల్తది."

అతను గొంతు పెంచలేదు. చాయ్ తాగుతున్న నలుగురూ నేల చూపులు చూశారు. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. నా మీద నాకే.

ఆ సాయంత్రం ఆఫీసుకు తిరిగెళ్లి ఫైలు తెరిచాను. పన్నెండును చెరిపి ఐదు కొట్టాను. నీడలన్నీ బెంచీల మీది నుంచి లేచి, పదడుగులు, ఇరవై అడుగులు, ఇంకా దూరం వెళ్లి, పందిళ్ల మధ్య ఖాళీల్లో ఉన్న పూలమళ్ల మీద పడ్డాయి. ఎండ కావాల్సిన పూలకు నీడ, నీడ కావాల్సిన మనుషులకు ఎండ. ఇన్నేళ్ల అనుభవంతో నేను సాధించింది అదీ.

పిల్లలూ, కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన గంటకు అది నిజమే చెప్పింది. జనం వచ్చే గంట ఏదో దానికి తెలియదు. నాకు తెలియాలి.

సంతకానికి మూడు రోజులున్నాయి. ఆ రోజు పొద్దున పదింటికి ముహందిసా, ఆమె పై అధికారి సైట్ చూడటానికి వస్తారు. పదింటికి వస్తే అంతా అందంగానే కనిపిస్తుంది. బెంచీలు ఇంకా అంతగా కాలవు, నీడా ఓ మోస్తరుగా దగ్గరలోనే ఉంటుంది. నేను మా పెద్దాయన గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. ఆయన విన్నాడు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"చూడు భాయ్. ముందు సంతకం కానీ. తరవాత ఇక్కడో చెట్టు, అక్కడో గొడుగు పెట్టి సర్దుకుందాం. మా డిజైన్ తప్పు అని మనంతట మనమే చెప్తే రేపు మన గడప ఎవరు తొక్కుతారు?"

"వాళ్లను సాయంత్రం ఐదింటికి రమ్మంటాను సార్. చూసి వాళ్లే చెప్పనివ్వండి."

"పిలుస్తే నీ పేరు మీద పిలువు. ఏం జరిగినా బాధ్యత నీదే."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కింద నలభైమంది బతుకుతున్నారు.

ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. ఉద్యోగం పోవచ్చన్నాను. ఆమె ఇస్త్రీ చేస్తూ తలెత్తకుండానే, "పోతే మళ్లీ నా వీసా మీదకి వచ్చెయ్యండి. వంట మర్చిపోలేదుగా?" అంది. ఆ మాటకున్న బలం నాకు ఏ బైబిలు వాక్యంలోనూ అప్పటికి దొరకలేదు. ఇది చర్చిలో చెప్పకండి. ముహందిసాకు ఫోన్ చేసి, పదింటికి బదులు ఐదింటికి రమ్మన్నాను. "ఎందుకు?" అంది. "వస్తే తెలుస్తుంది" అన్నాను. హెడ్మాస్టరు మొదటిసారి ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

ఆ రోజు ఉక్క ఎంతగా ఉందంటే, మా పెద్దాయన మెడలో టై తడిసి మెలి తిరిగిపోయింది. ముహందిసాతో వచ్చిన అధికారి అరవై ఏళ్ల మనిషి. తెల్లటి దుస్తులు, చేతిలో సన్నటి కర్ర. మా పెద్దాయన తెరచాపల అందం గురించి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. నేను మధ్యలో అడ్డొచ్చి, నా బెంచీ మీద నేను కూర్చున్నాను.

"సార్, ఇది నా డిజైన్. మీరు కూర్చోకండి. ఇందులో తప్పేమిటో నేను కూర్చునే చెప్తాను" అన్నాను.

రెండు నిమిషాలు చెప్పాలనుకున్నాను. గట్టిగా అర నిమిషం చెప్పానేమో, ఇక వల్ల కాక లేచిపోయాను. ముహందిసా ముందుకు వంగి రాతి మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసుకుంది. అధికారి నవ్వలేదు.

"పన్నెండింటికి గీశాను సార్. ఐదింటికి గీయాల్సింది. జనం ఎక్కడ కూర్చుంటున్నారో చూపిస్తాను."

గోడ దగ్గర ఎప్పటిలాగే చాపలు పరిచి ఉన్నాయి. మమ్మల్ని చూసి ఒక ముసలావిడ, "తఫద్దలూ, తఫద్దలూ" అంది. రండి కూర్చోండి అని. ఆ దేశంలో అలా పిలిస్తే నిలబడి ఉండటం అమర్యాద. అధికారి కర్ర పక్కన పెట్టి చాప మీద కూర్చున్నాడు. ముహందిసా కూర్చుంది. టైతో సహా మా పెద్ద కూడా కూర్చున్నాడు. చిన్న గిన్నెల్లో కాఫీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. కాసేపు ఎవరూ బాట గురించి మాట్లాడలేదు. ఆవిడ మనవడి పెళ్లి గురించి మాట్లాడారు.

అప్పుడు అధికారి కాళ్ల దగ్గర సుద్ద గీతలు చూశాడు. అక్కడి పెద్దవాళ్లలో చాలామందికి హిందీ వచ్చు. "యే కిస్‌నే బనాయా?" అన్నాడు, ఇవి ఎవరు గీశారని.

నేను వెనక నిలబడ్డ ఫోర్‌మన్‌ను ముందుకు రమ్మన్నాను. అతను తువ్వాలు చేతిలో నలుపుతూ వచ్చి తనకొచ్చిన హిందీలో చెప్పాడు. నాలుగింటికి ఇక్కడికి, ఐదింటికి అక్కడికి. గోడ నిలువుగా సముద్రం వైపు పోతుంది కాబట్టి గాలికి అడ్డం రాదు, ఎండకు మాత్రం అడ్డం. నేను కాలేజీలో నాలుగేళ్లు చదివింది నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. అధికారి ఒక్కో గీతనూ కర్రతో ముట్టుకుంటూ విన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"అయితే మోటార్లకు కట్టిన గది మనుషులకు పనికొచ్చింది. మనుషులకు కట్టింది?"

"పూలకు పనికొచ్చింది సార్" అన్నాను.

అప్పుడు నవ్వాడు. ముసలావిడ మళ్లీ కాఫీ పోయబోతే గిన్నెను అటూ ఇటూ ఆడించాడు. చాలు అని చెప్పడం అది. లేచి, మాతో ఏమీ అనకుండానే కారెక్కి వెళ్లిపోయాడు. మా పెద్దాయన తడిసిన టై విప్పి జేబులో కుక్కుకుని తన కారెక్కాడు.

వారం తరవాత ఉత్తరం వచ్చింది. తెరచాపలు ఆపండి. ఒక్క గోడ కట్టి చూపించండి. ఫోర్‌మన్ గీతలు గీస్తే, సముద్రం వైపు నిలువుగా, మనిషి ఎత్తుకు కాస్త పైన ఒక గోడ లేపాం. సున్నం పూసి, దాని మొదట్లో నీడ పడే వైపు చెక్క అరుగు పెట్టాం. గోడ వెనక పడమటి వైపు గాఫ్ మొక్కలు నాటాం. మొదటి మొక్క పట్టుకుని ఆకు నలిపి చూసిన ఫోర్‌మన్ మొహం వెలిగిపోయింది. "సార్, ఇది మన జమ్మి గదా! దసరాకు ఆకు తెంపుకోవచ్చు." నిజమే, రెండూ ఒకటే చెట్టు. అన్నేళ్లు ఆ దేశంలో ఉండి నేను విదేశాల నుంచి పూలమొక్కలు తెప్పించి నాటాను.

మూడో రోజుకే కొందరు చాపలు పట్టుకుని అక్కడికి చేరారు. సంతకం అయింది.

అంతా శుభమే అనుకోకండి. కేలండర్ మీద బొమ్మ పడలేదు. మిగతా బాట పని నా చేతి నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. నన్ను దుక్మ్‌కు పంపించారు. అక్కడ కొత్త రేవు కడుతున్నారు. మస్కట్‌కు దూరంగా, గాలి తప్ప మరో తోడు లేని చోట, లేబర్ క్యాంపుల మధ్య రోడ్ల పక్కన మొక్కలు నాటే పని. శిక్ష అని ఎవరూ అనలేదు. "సముద్రపు ఒడ్డు మీద నీకు అనుభవం ఉందిగా" అన్నాడు మా పెద్ద. ఏడాదిన్నర అక్కడ ఉన్నాను. అక్కడ మొక్క నాటే ముందు, క్యాంపు మనుషుల్ని ఏ గంటకు బయట కూర్చుంటారో అడగడం మొదలుపెట్టాను. మొదట్లో వింతగా చూశారు. తరవాత నేను వెళ్తే వాళ్లే కుర్చీ వేసేవారు.

తిరిగి వచ్చేసరికి ఫోర్‌మన్‌ను బురైమిలో వేరే సైట్‌కు మార్చేశారు. ఫోన్ చేసి, "బాట పూర్తయిందట, నేనింకా చూడలేదయ్యా" అన్నాను. "సాయంత్రం వోండ్రి సార్, పగటీలి వోతె ఏం గనవడది" అన్నాడు.

వెళ్లాను. కిలోమీటరు పొడవునా తెల్లటి గోడలు, పక్కటెముకల్లా, ఒకదాని తరవాత ఒకటి. ప్రతి గోడ నీడలోనూ జనం. కూర్చోవడానికి చోటు కోసం చివరిదాకా నడవాల్సొచ్చింది. ఒక గోడ దగ్గర ఒమానీ పెద్దాయన ఒకాయన తన చెప్పులు జరిపి చోటిచ్చాడు. కొత్తవాణ్ణనుకుని హిందీలో నాకు వివరించడం మొదలుపెట్టాడు. నాలుగు దాటాకే రావాలి, ఐదింటికి నీడ ఆ చెట్టుదాకా వెళ్తుంది, గాలి ఇటు నుంచి వస్తుంది అని. నేను బుద్ధిగా విన్నాను.

"ఇది కట్టినవాడు తప్పకుండా ఇక్కడివాడే" అన్నాడాయన. "ఈ ఎండా ఈ గాలీ తెలిసినవాడు. మా తీరం మనిషే."

"కాదండీ, జగిత్యాల మనిషి" అన్నాను.

ఆయన కనుబొమలు ముడేసి ఆలోచించాడు. వాళ్ల దేశంలో జిల్లాను విలాయత్ అంటారు. తనకు తెలిసిన విలాయత్‌లన్నీ, దేశానికి దక్షిణపు కొసనున్న సలాలాదాకా, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, చివరికి ఓడిపోయి నన్నే అడిగాడు.

"జగిత్యాలా... అది సలాలాకు ఇవతలా, అవతలా?"